ఉలికి పదును, రంపమునకు పదును

పెన్నానది దక్షిణపు గట్టున, తాడిపత్రి పట్టణమున, బుగ్గ రామలింగేశ్వరస్వామి ఆలయమునకు రెండు గోపురములు పై అంతస్తులు లేక మొండిగా నిలిచియున్నవి. చూడవచ్చినవారు వానిపై శిల్పమును చూచి ఆశ్చర్యపడి పోవుదురు. అది సహజమే. నన్ను మాత్రము చాలకాలముగా వేఱొక ప్రశ్న వేధించుచున్నది. ఇంత రాతిని చెక్కుటకు ఎన్ని ఉలులు అరిగియుండును? అరిగిన ఉలికి మరల పదును పెట్టినవారెవరు?

కట్టించిన ప్రభువు పేరు మనకు తెలియును. గండికోట సీమను ఏలిన పెమ్మసాని వంశమువాడగు రామలింగనాయుడు 1490-1509 సంవత్సరముల నడుమ ఈ గుడిని కట్టించెనని చెప్పుదురు. ఊరిలోని చింతల వేంకటరమణస్వామి ఆలయము తరువాతి తరమువారిది. 16వ శతాబ్దపు నడిమి కాలము నాటిది. ఇక శిల్పుల ప్రక్కన కొలిమి పెట్టుకొని కూర్చున్న కమ్మరి పేరును ఎవరును చెప్పరు.

భారతీయ వాస్తుశిల్ప చరిత్రను 1876లో ప్రకటించిన జేమ్స్ ఫెర్గూసన్, తాడిపత్రి గోపురములను ప్రత్యేకముగా మెచ్చుకొనెను. అచటి రేఖలు తేటగా, ఖచ్చితముగా తెగియుండుటయే ఆయనను ఆకర్షించినది. సన్నని రేణువులతో చిక్కగా కూడుకొనిన గట్టిరాయి యది. అటువంటి రాతిలో తేటయైన రేఖ మొక్కపోయిన ఉలికి లొంగదు. మొక్కపోయిన ఉలి రాతిని కోయదు, నలుగగొట్టును. అంచు పెళ్లలుగా రాలును. కనుక ఆ గోపురముపై నిలిచిన ప్రతి రేఖయు ఒక పదునుకు సాక్ష్యమే.

రాళ్లన్నియు ఒక తీరువి కావు. ఖనిజముల కాఠిన్యమును ఒకటి మొదలు పది వఱకు లెక్కించు పద్ధతిని ఫ్రెడరిక్ మోస్ 1812లో ఏర్పఱచెను. ఆ లెక్కలో, తాడిపత్రి చుట్టుపట్ల ఇండ్లకు పఱచు నాపబండలోని సున్నపు ఖనిజము మూడవ మెట్టున ఉండును. నల్లరాతి గుండ్లలో మెఱయు పలుగురాయి ఏడవ మెట్టున ఉండును. మామూలు ఉక్కుకన్న పలుగురాయి గట్టిది. అనగా నల్లరాతిపై పనిచేయు శిల్పి దెబ్బ దెబ్బకును తన ఉలినే అరగదీసికొనుచున్నాడన్నమాట. అందుచేత రాతిపని జరుగుచోట కొలిమి ఆరరాదు. ఒకరు చెక్కుచుండగా మఱియొకరు పదును పెట్టుచుండవలెను.

ఆ పదును పెట్టు విధము వినదగినది. ఉలి మొనను కొలిమిలో ఎఱ్ఱగా కాల్చి, దాగలిపై పెట్టి, సుత్తితో సాగగొట్టుదురు. మరల కాల్చి, ఈసారి మొనను మాత్రము, అంగుళము మేర, నీట ముంచుదురు. మొన చల్లబడి పెళుసెక్కును. వెనుకభాగమున వేడి మిగిలియుండును. వెంటనే మొనను రాతిపై రుద్ది మెఱుగు తెచ్చి, కన్నార్పక చూడవలెను. వెనుకనుండి వేడి మొనవైపు ప్రాకుచు రంగులు తెచ్చును. మొదట ఎండుగడ్డి వన్నె. అది సుమారు 230 డిగ్రీల సెంటిగ్రేడు. ఆపై గోధుమ వన్నె, ఊదా, చివరకు 300 డిగ్రీల దరిదాపున నీలము. కావలసిన రంగు మొనకు వచ్చిన క్షణమున ఉలి నంతటిని నీట వేయవలెను. తొందరపడినచో ఉలి మొదటి దెబ్బకే విఱుగును. నీలము దాటనిచ్చినచో మొన వంగిపోవును. ఉష్ణమాపకములు లేని దినములలో ఈ విద్య యంతయు కంటిలో ఉండెడిది. కొలిమి నీడపట్టున ఉండవలె ననుటకును కంటి పనియే కారణము. ఎండలో కాలిన ఇనుము ఎఱుపు సరిగా కానరాదు.

కొలిమి తరువాత సాన. కురువిందపు రాతిని పొడిచేసి, లక్కతో ముద్దచేసి, చక్రముగా పోసి, దానిపై కత్తులకును రత్నములకును సాన పట్టుట మన దేశమున పూర్వమునుండి గలదు. కురువిందము కాఠిన్యమున తొమ్మిదవ మెట్టు; దానిపైన వజ్రమొక్కటే. అనంతపురము జిల్లాలో కురువిందము దొరకును. ఆంగ్లేయులు దానిని పిలుచు కొరండమను పేరు మన దక్షిణదేశ భాషలనుండి పోయినదే. రాళ్లసీమ యని మనలను మనమే చిన్నబుచ్చుకొనునప్పుడు ఈ మాటను గుర్తు తెచ్చుకొనవచ్చును.

రంపము సంగతి వేఱు. దానికి కొలిమి అక్కఱలేదు, ఆకురాయి చాలును. అయినను ఒక మొనకు బదులు పదుల కొలది మొనలు. గొలుసురంపమున ఇది మఱింత చిక్కు. జర్మనీలో ఆంద్రియాస్ స్టీల్ 1926లో విద్యుత్తుతో నడచు గొలుసురంపమును చేసెను. నాటి గొలుసు పండ్లు కట్టెను గీరెడివి. 1946లో అమెరికాలోని ఆరెగాన్ సీమలో జోసెఫ్ కాక్స్ అనునతడు మొద్దును తొలుచు పురుగును గమనించి, అది కుడికి నెడమకు దవడలాడించుచు కొఱకు తీరున పండ్లను మలచెను. నేటి గొలుసు దాని సంతతియే. కుడిపన్ను, ఎడమపన్ను, ప్రతి పంటి ముందు ఒక బుడిపె. బుడిపె పంటికన్న సుమారు 0.6 మిల్లీమీటరు తగ్గియుండవలెను. అంత మందమే పన్ను చెక్కును.

ఏటికి 550 మిల్లీమీటర్ల వాన సరిగా కురియుటయే గగనమైన ఈ మెట్టసీమలో, బోరు ఎండినచో చీనీతోట ఎండును. అట్టి తోట నొకదానిని కొట్టివేయుచుండగా నేను గొలుసుకు పదును పెట్ట నేర్చితిని. గుండ్రని ఆకురాయి పట్టి, పంటిపై గుర్తించిన వాలు ప్రకారము, సుమారు 30 డిగ్రీల కోణమున రాచితిని. పండ్లన్నియు తళతళలాడినవి. కాని రంపము మొద్దులో తిన్నగా దిగక ప్రక్కకు వంపు తిరిగెను. మఱింత అదిమితిని. వంపు మఱింత పెరిగెను, పొగ వచ్చెను. తోటయజమాని మాటలాడలేదు. పదునైదేండ్లు పెంచిన చెట్లు. కట్టె ధరయైనను చేతికి రావలెనని అతని చూపు.

అప్పుడు అచట కొడవలి మరమ్మతుకు వచ్చియున్న వృద్ధ కమ్మరి యొకడు గొలుసును చేతికి తీసికొనెను. తాను ఆ యంత్రమును ఎన్నడును పట్టి యెరుగడు. ఒకప్పుడు రాతిపనివారి ఉలులే అతని జీవనము. నేడు తాడిపత్రి బండలను వజ్రపు పొడి అతికిన చక్రములు కోయుచున్నవి. వానికి కొలిమితో పనిలేదు. అతడు బొటనవ్రేలితో కుడిపంటిని, ఎడమపంటిని తడవి, "ఏం సామీ, ఒకపక్క పండ్లు ఎక్కువ అరగదీసినావే. పొడుగు పక్కకే గదా లాగేది!" అనెను.

నిజమే. నా కుడిచేతికి అనువైన ప్రక్క నాలుగు రాపిళ్లు ఎక్కువ పడినవి. అన్నిటికన్న పొట్టి పంటిని వెదకి, తక్కిన వానినెల్ల దాని పొడవునకు తెమ్మని చెప్పెను. రాపిళ్లు లెక్కపెట్టుమనెను. "ముందుకు తోసేటప్పుడే రాయల్ల సామీ. వెనక్కి ఈడ్చేటప్పుడు పైకెత్తు. ఆకురాయి సచ్చిపోతాది."

ఆ పనికి గంటసేపు పట్టినది. తరువాతి మొద్దులో రంపము తిన్నగా దిగెను. పొడికి బదులు సన్నని చెక్కుపేళ్లు రాలినవి. వృద్ధుడు వానిని గుప్పిటిలోనికి తీసికొని చూచి, పాఱవేసి, తన కొడవలి దగ్గఱకు పోయెను.