స్వయం ఉపాధిలో ఉన్నవారూ పన్ను కోడ్‌లూ: మీ రాబడి ఏ సెక్షన్ కింద నమోదైంది?

నెలజీతం అందుకునే ఉద్యోగి పన్ను లెక్క చాలావరకు యజమాని కార్యాలయంలోనే సిద్ధమవుతుంది. సొంతంగా పని చేసుకునే న్యాయవాదికి, సినిమా ఎడిటరుకు, బీమా ఏజెంటుకు, ఇంటింటికీ సరుకులు చేరవేసే యువకుడికి ఆ వెసులుబాటు లేదు. వారికి డబ్బు చెల్లించే సంస్థ అందులోంచి కొంత పన్ను కోసి, ఒక సెక్షన్ సంఖ్య కింద దానిని ప్రభుత్వానికి జమ చేస్తుంది. ఆ సంఖ్య ఏమిటో పని చేసినవారికి చాలాసార్లు తెలియదు. రిటర్ను దాఖలు చేసే వేళ, లేదా ఆదాయపు పన్ను శాఖ నుంచి వివరణ కోరుతూ సందేశం వచ్చిన వేళ మాత్రమే దాని ప్రాధాన్యం బోధపడుతుంది.

ఈ వ్యాసంలోని సెక్షన్ సంఖ్యలు 1961 నాటి ఆదాయపు పన్ను చట్టానివి. దాని స్థానంలో కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చినప్పటికీ, 2025-26 ఆర్థిక సంవత్సరపు ఆదాయానికి పాత చట్టమే వర్తిస్తుంది.

సంఖ్య ఎక్కడ కనిపిస్తుంది?

ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో పాన్ సంఖ్యతో ప్రవేశించి 26ఏఎస్ పత్రాన్ని తెరిస్తే, ఎవరు ఎంత చెల్లించారు, ఎంత పన్ను కోశారు, ఏ సెక్షన్ కింద కోశారు అన్నది వరుసగా కనిపిస్తుంది. 2021 నవంబరు నుంచి అందుబాటులో ఉన్న వార్షిక సమాచార నివేదిక, అంటే ఏఐఎస్, ఇంకా విస్తృతమైనది. బ్యాంకు వడ్డీ, షేర్ల లావాదేవీలు కూడా అందులో చేరుతాయి.

స్వయం ఉపాధిలో ఉన్నవారికి ఎక్కువగా ఎదురయ్యే సంఖ్యలు కొన్నే. 194జె వృత్తిపరమైన సేవలకు సంబంధించినది. ఒక సంస్థ ఏడాదిలో చెల్లించే మొత్తం 50,000 రూపాయలు దాటితే 10 శాతం కోత పడుతుంది. ఈ పరిమితి 2025 మార్చి వరకు 30,000 రూపాయలుగా ఉండేది. కేవలం సాంకేతిక సేవలైతే కోత 2 శాతమే. 194సి కాంట్రాక్టు పనులకు వర్తిస్తుంది; వ్యక్తులకు చెల్లించినప్పుడు 1 శాతం కోస్తారు. ఒకే బిల్లు 30,000 రూపాయలు దాటినా, ఏడాది మొత్తం లక్ష దాటినా ఇది అమలవుతుంది. కమీషన్‌కు 194హెచ్, బీమా కమీషన్‌కు 194డి. వ్యక్తులకు ఈ రెండింటిలోనూ ఇప్పుడు కోత 2 శాతం.

ఒకే పనికి ఒక సంస్థ 194సి కింద 1 శాతం, మరో సంస్థ 194జె కింద 10 శాతం కోసిన సందర్భాలు అరుదు కాదు. ఒక విషయం స్పష్టంగా గ్రహించాలి. చెల్లించేవారు రాసిన సెక్షన్ వారి అభిప్రాయం మాత్రమే. ఆదాయం వ్యాపారమా, వృత్తియా, జీతమా అన్నది పని స్వభావాన్ని బట్టి తేలుతుంది. అయినా శాఖ కంప్యూటరు పోల్చి చూసేది ఆ సంఖ్యతోనే. రిటర్నులో మీరు రాసినదానికీ దానికీ పొత్తు కుదరకపోతే ప్రశ్న మీకే వస్తుంది, సంస్థకు కాదు.

ఉద్యోగిలా పని, కన్సల్టెంటుగా నమోదు

ప్రైవేటు ఆసుపత్రులలో వైద్యులు, కోచింగ్ కేంద్రాలలో అధ్యాపకులు, సాఫ్ట్‌వేర్ సంస్థలలో ఒప్పందంపై పనిచేసే యువకులు ఈ ఇబ్బందిని తరచుగా ఎదుర్కొంటారు. రోజూ కార్యాలయానికి వెళ్తారు, నెలనెలా ఒకే మొత్తం ఖాతాలో పడుతుంది. అది జీతమేనని భావించి ఐటీఆర్-1 దాఖలు చేసి, 75,000 రూపాయల ప్రామాణిక తగ్గింపు కోరుతారు. తీరా 26ఏఎస్‌లో చూస్తే, జీతానికి వాడే 192 బదులు 194జె అని ఉంటుంది. ఆ తగ్గింపు జీతం పొందేవారికి మాత్రమే కనుక అది చెల్లదు. వృత్తి ఆదాయాన్ని ఐటీఆర్-1లో చూపడమే తప్పు. ఐటీఆర్-3 గానీ ఐటీఆర్-4 గానీ వేయాలి. 194జె అని ఉన్నచోట సాధారణంగా భవిష్య నిధి జమ కూడా ఉండదు. కాబట్టి నియామక పత్రంపై సంతకం చేసేటప్పుడే ఏ సెక్షన్ కింద చెల్లిస్తారని అడగడం మొహమాటపడవలసిన విషయం కాదు.

సగమా, ఆరు శాతమా?

పద్దు పుస్తకాలు రాయలేని చిన్న సంపాదనాపరుల కోసం చట్టం అంచనా ఆదాయ పద్ధతిని కల్పించింది. వ్యాపారాలకు సెక్షన్ 44ఏడీ, వృత్తులకు 44ఏడీఏ. మొదటి దానిలో బ్యాంకు, డిజిటల్ మార్గాల్లో వచ్చిన రాబడిలో 6 శాతాన్ని, నగదులో 8 శాతాన్ని కనీస ఆదాయంగా చూపాలి. రెండవ దానిలో రాబడిలో కనీసం సగం చూపాలి. వాస్తవ ఆదాయం అంతకంటె ఎక్కువైతే ఎక్కువే రాయవచ్చు. రాబడి పరిమితి వ్యాపారానికి 2 కోట్లు, వృత్తికి 50 లక్షలు. నగదు వసూళ్లు 5 శాతం మించకపోతే ఇవి 3 కోట్లకు, 75 లక్షలకు పెరుగుతాయి.

ఆరుకూ యాభైకీ ఉన్న దూరం చిన్నది కాదు. అందుకే తమ పని వ్యాపారమని రాసుకోవాలన్న ఆశ చాలామందికి కలుగుతుంది. కానీ 44ఏడీఏ పరిధిలోకి వచ్చే వృత్తుల జాబితా నిర్దిష్టమైనది: న్యాయ, వైద్య, ఇంజనీరింగు, వాస్తు నిర్మాణ, అకౌంటెన్సీ, సాంకేతిక సలహా, గృహాలంకరణ వృత్తులు, వీటితో పాటు ప్రభుత్వం ప్రకటించిన కంపెనీ సెక్రటరీ, సమాచార సాంకేతికత, అధీకృత ప్రతినిధి, సినీ కళాకారుల వృత్తులు. వీటిలో ఉన్నవారు 44ఏడీని ఎంచుకోవడం కుదరదు.

సినీ కళాకారులు అన్న మాటకు నిబంధనలలో ఇచ్చిన నిర్వచనం హైదరాబాదు చిత్ర పరిశ్రమలో పనిచేసేవారు ఒకసారి చదవదగినది. నటులు, ఛాయాగ్రాహకులు, దర్శకులు, ఎడిటర్లు, గాయకులు, గేయ, కథ, సంభాషణల రచయితలు, దుస్తుల రూపకర్తలు అందులో ఉన్నారు. మేకప్ కళాకారులు లేరు! జాబితాలో లేని వృత్తులవారు 44ఏడీని వాడుకోవచ్చునా అన్న దానిపై పన్ను నిపుణులలో ఏకాభిప్రాయం లేదు. అలాంటి వారు ఖర్చుల రసీదులు దాచి, నిజమైన లాభాన్నే చూపడం క్షేమం.

రిటర్ను ఫారంలో మరో కోడ్ కూడా నింపాలి. అది వ్యాపార, వృత్తి స్వభావాన్ని తెలిపే ఐదంకెల సంఖ్య. న్యాయవాద వృత్తికి 16001. సామాజిక మాధ్యమాలలో ప్రచారం చేసి సంపాదించేవారికి 2025-26 మదింపు సంవత్సరపు ఫారాలలో 16021 అనే కొత్త సంఖ్య చేరింది. అంతకుముందు వారు ‘ఇతరములు’ అన్న వరుసలో తలదాచుకునేవారు. ఈ సంఖ్యా, ఎంచుకున్న సెక్షనూ ఒకదానికొకటి సరిపోవాలి.

బీమా ఏజెంట్ల విషయంలో పొరపాటు మరీ ఎక్కువ. కమీషన్, దలాలీ ఆదాయానికి, ఏజెన్సీ వ్యాపారానికి 44ఏడీ వర్తించదని చట్టంలోనే ఉంది. అయినా ఐటీఆర్-4లో 6 శాతం చూపి రిటర్ను వేసే ఏజెంట్లు ఉన్నారు. వారు ఖర్చుల పద్దు రాసుకుని ఐటీఆర్-3 దాఖలు చేయాలి. లారీ, ఆటో ట్రాలీల వంటి సరుకు వాహనాల యజమానులకు వేరుగా 44ఏఈ ఉంది. పది వాహనాలు మించనివారికి అది వాహనానికి నెలకు ఇంత అని లెక్క కడుతుంది.

44ఏడీని ఒకసారి ఎంచుకుని, తరువాతి ఐదేళ్లలో ఏ ఏడాది విడిచినా, మరో ఐదేళ్లపాటు దానికి అర్హత పోతుంది. 44ఏడీఏకు ఈ బంధనం లేదు.

కోతలో చిక్కుకున్న సొమ్ము

ఒక ఎడిటరు 2025-26లో 18 లక్షల రూపాయలు సంపాదించారనుకుందాం. అన్ని సంస్థలూ 194జె కింద 10 శాతం చొప్పున కోస్తే 1,80,000 రూపాయలు ప్రభుత్వం వద్ద జమ అవుతాయి. 44ఏడీఏ ప్రకారం ఆయన ఆదాయం 9 లక్షలు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు రిబేటు ఉన్నందున, వేరే ఆదాయం లేకపోతే చెల్లించవలసిన పన్ను సున్న. కోసినదంతా తిరిగి రావలసిందే. కానీ రిటర్ను వేసి, అది పరిశీలన పూర్తయ్యేదాకా ఆ డబ్బు చేతికి రాదు. రాబడి 30 లక్షలైతే కోత 3 లక్షలు. 15 లక్షల ఆదాయంపై పన్ను సెస్సుతో కలిపి 1,09,200 రూపాయలు. మిగిలిన 1,90,800 రూపాయలు ఏడాదికి పైగా నిలిచిపోవచ్చు. అద్దె, సహాయకుల జీతాలు నెలనెలా ఇవ్వవలసినవారికి ఇది చిన్న భారం కాదు.

దీనికి చట్టంలోనే ఒక మార్గం ఉన్నా దానిని వాడుకునేవారు తక్కువ. ఆర్థిక సంవత్సరం ఆరంభంలోనే తమ ఆదాయ అంచనాతో దరఖాస్తు చేసుకుంటే, తక్కువ రేటుతో కోయమని సెక్షన్ 197 కింద అధికారి ధ్రువపత్రం ఇస్తారు. ఆ పత్రం చేరిన నాటి నుంచి సంస్థలు ఆ రేటునే పాటించాలి.

పాన్ ఇవ్వకపోయినా, ఆధార్‌తో ముడిపెట్టక అది పనిచేయని స్థితికి చేరినా, కోత 20 శాతానికి పెరుగుతుంది. ఏడాదికి 3 లక్షలు సంపాదించే డెలివరీ కార్మికునికి 194సి కింద 3,000 రూపాయలు పోవలసిన చోట 60,000 పోతాయి. ఆదాయం పన్ను పరిమితిలోపే ఉన్నా రిటర్ను వేయనిదే ఆ సొమ్ము తిరిగి రాదు.

ఎంపిక, వాయిదా, జీఎస్టీ

ఇప్పుడు కొత్త పన్ను విధానమే సహజంగా వర్తిస్తుంది. పాత విధానం కావాలంటే వ్యాపార, వృత్తి ఆదాయం గలవారు గడువులోగా 10-ఐఈఏ ఫారం ఇవ్వాలి. జీతగాళ్లలా ఏటా మార్చుకునే స్వేచ్ఛ వీరికి లేదు. ఒకసారి కొత్త విధానానికి తిరిగి వస్తే, వ్యాపార ఆదాయం ఉన్నంతకాలం మళ్లీ పాతదానికి పోలేరు.

కోతలు పోగా చెల్లించవలసిన పన్ను 10,000 రూపాయలు లేదా అంతకు మించితే ముందస్తుగా కట్టాలి. సాధారణంగా జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల 15వ తేదీలోగా నాలుగు వాయిదాలు. అంచనా పద్ధతిలో ఉన్నవారికి మార్చి 15న ఒక్కటే.

జీఎస్టీ వేరే లెక్క. అక్కడ చూసేది లాభాన్ని కాదు, మొత్తం టర్నోవరును. సేవలకు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ నమోదు పరిమితి 20 లక్షలు. సరుకులు మాత్రమే అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో అది 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలే. సరిహద్దుకు ఇటూ అటూ దుకాణం పెట్టేవారు ఈ తేడా ముందే చూసుకోవాలి.

తప్పు సెక్షన్ కనిపిస్తే

26ఏఎస్‌లో సెక్షన్ గానీ మొత్తం గానీ తప్పుగా ఉంటే దానిని దిద్దవలసింది చెల్లించిన సంస్థే. అది తన త్రైమాసిక టీడీఎస్ నివేదికను సవరించి మళ్లీ దాఖలు చేయాలి. బిల్లు ప్రతి, బ్యాంకు ఖాతా వివరాలు జతపరచి లిఖితపూర్వకంగా కోరండి. ఏఐఎస్‌లో మీ అభ్యంతరాన్ని నమోదు చేసే వీలు కూడా ఉంది. ఏడాది ముగిసేదాకా ఆగక మూడు నెలలకోసారి చూసుకుంటే, సంస్థ లెక్కల విభాగంలో మీ బిల్లు గుర్తున్నవారు ఇంకా ఉంటారు.

2026 ఏప్రిల్ 1 తరువాతి బిల్లులకు ఈ పాత సంఖ్యలు ఉండవు. 2025 చట్టంలో జీతం మినహా మిగిలిన కోతలన్నీ సెక్షన్ 393 పట్టికలలోకి చేరాయి. అంచనా ఆదాయ పద్ధతి సెక్షన్ 58లో ఉంది. ఆర్థిక సంవత్సరం, మదింపు సంవత్సరం అన్న జంట పదాల స్థానంలో ‘పన్ను సంవత్సరం’ అన్న ఒక్కమాట వచ్చింది. 194జె అన్న గుర్తు కోసం వెతికేవారు ఇకపై ఆ పట్టికలో తమ పని ఏ వరుసలో ఉందో చూసుకోవాలి.