పది తులాల బిస్కెట్ నున్నగా ఎందుకుంటుంది?

దుబాయ్ గోల్డ్ సూక్‌కి ఈసారి వెళ్తే పది తులాల బిస్కెట్ ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. కొనక్కర్లేదు లెండి. అంచులు నున్నగా ఉంటాయి, మూలలు గుండ్రంగా ఉంటాయి. బరువు 116.64 గ్రాములు. "పది తులాలంటే వంద గ్రాములే కదా" అంటారు మనవాళ్లు. అది ఇప్పటి లెక్క. పాత తులం 11.66 గ్రాములు, బిస్కెట్ ఇంకా ఆ తూకంలోనే ఉండిపోయింది.

బంగారాన్ని కడ్డీగా పోయడం మన ఊళ్లకు కొత్త కాదు. కంసాలి ఇంటి ముందు గదిలోనే కుంపటి, ఊదుగొట్టం, మూస, పట్టకారు ఉండేవి. పాత గాజులు మూసలో వేసి, చిటికెడు వెలిగారం చల్లి కరిగించేవారు. బంగారం కరగాలంటే 1064 డిగ్రీల వేడి కావాలి. నునుపు వచ్చేది మాత్రం పోసేటప్పుడే. అచ్చును ముందుగా వేడి చేయాలి, లోపల దీపం మసి పట్టించాలి, ఆపకుండా ఒక్క ధారలో పోయాలి. అచ్చు చల్లగా ఉంటే ముడతలు పడతాయి. తడి ఉందా, కరిగిన లోహం చిమ్మి ముఖం మీదికే వస్తుంది. వెండితో ఇంకా తంటా. కరిగినప్పుడు గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని, గడ్డకట్టేటప్పుడు వదిలేస్తుంది. పైన పొక్కులు లేచేది అందుకే.

ఇంత మామూలు పని ఒక రోజు నేరమైపోయింది. చైనా యుద్ధం తర్వాత, 1963 జనవరిలో, ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయ్ బంగారు నియంత్రణ తెచ్చారు. కొత్త నగలు 14 క్యారెట్లకు మించకూడదన్నారు. 22 క్యారెట్ల మంగళసూత్రాలు చేసే చేతులకు పని పోయింది. కంసాలుల ఆత్మహత్యల వార్తలు కూడా వచ్చాయి. 14 క్యారెట్ల నిబంధన 1966లో పోయినా, 1968 చట్టం ఇంట్లో కడ్డీ, బిస్కెట్ ఉంచుకోవడాన్ని నిషేధించింది. అంటే చూడండి, అమ్మమ్మ చేతికి గాజు ఉంటే తప్పు లేదు, అదే గాజు కరిగించి కడ్డీగా బీరువాలో పెట్టుకుంటే తప్పు! ఆడవాళ్లకు ఉన్న ఒక్క ఆస్తి మీద, వాళ్లను అడక్కుండా రాసిన చట్టం అని నాకనిపిస్తుంది.

జనానికి బంగారం మీద మోజు తగ్గలేదు. సరుకు దుబాయ్ నుంచి పడవల్లో బొంబాయి వైపు వచ్చింది. మనుషులు లోపల వేసుకునే కాన్వాస్ జాకెట్లకు చిన్న చిన్న జేబులు కుట్టి, ఒక్కో దాంట్లో ఒక్కో బిస్కెట్ పెట్టేవారు. పదునైన మూలలుంటే గుడ్డ చిరుగుతుంది, ఒంటికి గుచ్చుకుంటుంది. ఆ గుండ్రటి అంచులు ఈ వ్యాపారానికి భలే కుదిరాయి.

1990లో ఆ చట్టం రద్దయింది. 1992లో, ఆరు నెలలు బయట ఉండి వచ్చేవాళ్లు సుంకం కట్టి 5 కిలోల దాకా తెచ్చుకోవచ్చన్నారు. పడవల వ్యాపారం దెబ్బతింది.

కానీ గాజుకీ కడ్డీకీ మధ్య తేడా మాత్రం విమానాశ్రయంలో ఇంకా ఉంది. ఏడాది పైన బయట ఉన్న ఆడవాళ్లకు సుంకం లేకుండా 40 గ్రాములు, అదీ నగలకే. బిస్కెట్ ఎంత చిన్నదైనా ఆ లెక్కలోకి రాదు. బయల్దేరే ముందు రూల్స్ ఒకసారి చూసుకోండి. తెలిసిన కంసాలితో ఇంట్లో పోయించుకున్న కడ్డీ అయితే ఇంకో చిక్కు: దాని మీద ముద్ర ఉండదు. ఎంత నున్నగా ఉన్నా, అమ్మబోతే మళ్లీ పరీక్ష పెడతారు, ఆ తరుగు మీదే.