మాయాప్రవరుఁడు

కడప మండలమునఁ బ్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సీమలకుఁ జేరువనే, కమలాపురము ప్రాంతమున, కోకటమను గ్రామము కలదు. శ్రీకృష్ణదేవరాయలు (1509–1529) అల్లసాని పెద్దనార్యునకు దీని నగ్రహారముగా నొసఁగెనని ప్రసిద్ధి. ఆ పెద్దన మార్కండేయపురాణమందలి యొక కథను బెంచి మనుచరిత్రమును రచించెను. 1851లో బ్రౌనుదొర పూనికచే, జూలూరి అప్పయ్య వ్యాఖ్యతో నది యచ్చుపడినది. మనము ప్రవరుని నిష్ఠను గొనియాడుచు, వరూధిని చాపల్యమును నిందించుచు వచ్చితిమి. మూఁడవవానిని మాత్రము విచారింపమైతిమి.

ఆ మూఁడవవాఁడు కామరూపియగు గంధర్వయువకుఁడు. వరూధిని తన్నుఁ దిరస్కరింపఁగా, నామె మనసుపడిన ప్రవరుని రూపమును దాల్చి వచ్చెను. తన్నుఁ గూడునపుడు కన్నులు మూసికొనవలెనని యతఁ డామెకు నియమము పెట్టినట్లు పురాణము చెప్పుచున్నది. దొంగవేషమునకుఁ దెఱచిన కన్ననిన నెంత భయమో దీనిచేతనే తెలియును. ఆమె గర్భవతియైన పిమ్మట నతఁడు తొలఁగిపోయెను.

రాయలసీమ పల్లెలలోఁ బగటివేషగాండ్రును రూపములు మార్చుదురు. అయినను జూచువారి కది వేషమని తెలియును. తెలిసియే మెచ్చి, ధాన్యమో కాసులో యిత్తురు. ఇరువు రెఱిఁగినది కళ. ఒక్కఁడే యెఱిఁగినది వంచన. గంధర్వుని రూపవిద్య గొప్పదే. కాని దాని మూల్యమును జెల్లించినది వరూధిని.

ఆమె కొడుకు స్వరోచి. అతఁడు మనోరమా విభావరీ కళావతులను బెండ్లాడి, విభావరివలన మృగపక్షుల భాష నేర్చెను. ఒకనాఁ డొక చక్రవాకి, పలువురయందు వలపు పంచువానికి నొక్కతెయందైనను నిండుప్రేమ యుండదని తన్ను గుఱించి యాడిన మాటను విని సిగ్గుపడెను. వెంటనే నడవడి మార్చుకొనలేదు. మార్పునకు మొదలు మాత్ర మా సిగ్గే. తండ్రి పరుని రూపమును దొడిగికొనెను. కొడుకు పరుల మాటలోఁ దన రూపమును జూచుకొనెను. బాలుఁడు పురుషుఁ డగుట యీ చూపుతోనే యని మేము తలఁచెదము. లేడిరూపున వచ్చిన వనదేవతయందు అతనికిఁ బుట్టినవాఁడే స్వారోచిషమనువు.

కావున మనుచరిత్రమును బిల్లలకు వినిపించు తలిదండ్రులు ప్రవరుఁ డింటికిఁ జేరినంతనే పుస్తకము మూయరాదు. వరూధిని చేసిన తప్పెంత, ఆమెకుఁ జేయఁబడిన తప్పెంత యని వారినే యడుగవలెను.