తలుపు తట్టే ఇద్దరు కుర్రాళ్ళు

అమెరికాలో నాలుగేళ్ళు కాపురం ఉన్న తెలుగువాళ్ళకి వీళ్ళని పరిచయం చెయ్యక్కర్లేదు. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, మెడకి టై, జేబు మీద నల్లటి పేరుబిళ్ళ. ఒక్కడు ఎప్పుడూ రాడు, ఇద్దరే వస్తారు. సైకిళ్ళు గోడకి ఆనించి తలుపు తడతారు. పట్టుమని ఇరవై ఏళ్ళుండవు గాని, బిళ్ళ మీద మాత్రం "ఎల్డర్" అని రాసి ఉంటుంది. అంటే పెద్దాయన అన్నమాట! మనవాళ్ళు టీవీ గొంతు తగ్గించి ఇంట్లో ఎవరూ లేనట్టు ఊరుకుంటారు, లేదా "మేం హిందువులం" అని ఒక్క ముక్కతో పంపేస్తారు, లేదా ఎండనపడి వచ్చారని జాలిపడి మంచినీళ్ళిస్తారు. ఈ పాతికేళ్ళలో నేను మూడూ చేశాను.

వీళ్ళు మోర్మన్లు. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ మొదలుపెట్టిన సంఘం వాళ్ళది. పూర్తి పేరు యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం. ఇవాళ ప్రపంచం మొత్తమ్మీద 70 వేలకు పైగా ప్రచారకులు ఇలా తిరుగుతున్నారు. మగపిల్లలు రెండేళ్ళు, ఆడపిల్లలు ఏడాదిన్నర. జీతం లేదు, ఖర్చు వాళ్ళో వాళ్ళ అమ్మానాన్నలో పెట్టుకోవాలి. ఏ దేశం వెళ్ళాలో సంఘమే చెబుతుంది. 2012లో మగపిల్లల కనీస వయసు 19 నుంచి 18కి దించారు, ఆడపిల్లల వయసూ తగ్గించారు. అంటే హైస్కూలు దాటగానే ముక్కూమొహం తెలియని ఊళ్ళో అపరిచితుల గుమ్మాల ముందు నిలబడాలి.

ఉద్యోగరీత్యా కొన్నాళ్ళు యూటాలో ఉన్నాను. మా పక్కింటావిడ కొడుకు బ్రెజిల్ వెళ్ళాడు. అప్పట్లో ఇంటికి ఫోను ఏడాదికి రెండే సార్లు, క్రిస్మస్‌కీ మదర్స్ డేకీ. మదర్స్ డే ముందు రోజు ఆవిడ పెరట్లో మొక్కలకి నీళ్ళు పోస్తూ, "రేపు వాడి గొంతు వింటాను" అని నాతో రెండుసార్లు చెప్పింది. వాళ్ళ సిద్ధాంతాల మీద నాకెప్పుడూ ఆసక్తి కలగలేదు కానీ, ఆ మాట విన్నాక ఒక ప్రశ్న పట్టుకుంది. ఇంటింటికీ తుపాకులున్న దేశంలోనూ, విప్లవాలు నడిచే దేశాల్లోనూ చేతిలో కర్ర కూడా లేకుండా తిరిగే ఈ పిల్లల్ని కాపాడేదేమిటి? జవాబు కోసం వాళ్ళ చరిత్ర చదివాను. చదివే కొద్దీ తెలిసిందేమంటే, వాళ్ళ జాగ్రత్తల్లో చాలావాటి వెనక ఏదో ఒక చావు కనిపిస్తుంది.

ఇది నిజానికి చాలా పాత సమస్య. బుద్ధుడు తన మొదటి అరవైమంది భిక్షువుల్ని పంపుతూ, ఇద్దరు ఒకే దారిన పోవద్దన్నాడని వినయపిటకం చెబుతుంది. ఎంతమంది ఉంటే అన్ని దారులు, ధర్మం అంత దూరం పోతుంది. యేసు మాత్రం శిష్యుల్ని ఇద్దరిద్దరినిగా పంపాడు. రొట్టె, సంచి, డబ్బు ఏదీ తీసుకెళ్ళద్దన్నాడు. చేతికర్ర విషయంలో సువార్తలకే ఏకాభిప్రాయం లేదు: మార్కు సువార్తలో కర్ర ఉండొచ్చు, మత్తయిలోనూ లూకాలోనూ అదీ కూడదు. చేర్చుకోని ఊళ్ళో కాళ్ళ దుమ్ము దులుపుకుని వెళ్ళిపొమ్మనడం మాత్రం మూడింటిలోనూ ఉంది. దీన్ని అందరూ శాపంగా చదువుతారు. నాకైతే ఇది మంచి భద్రతా సూత్రంలా కనిపిస్తుంది: వద్దన్న చోట నిలబడకు.

ఇక బౌద్ధంలో పుణ్ణుడనే భిక్షువు కథ ఉంది. అతను క్రూరులుండే దేశానికి బయల్దేరుతుంటే, వాళ్ళు తిడితే ఏం చేస్తావని బుద్ధుడడిగాడు. చేత్తో కొట్టలేదు, మంచివాళ్ళే అనుకుంటానన్నాడు. కొడితే? రాళ్ళు విసరలేదనుకుంటా. అలా కర్రల దాకా, కత్తుల దాకా, చివరికి చావు దాకా ప్రశ్న వెళుతుంది. ప్రతిసారీ అతనికి ఎదుటివాడిలో ఒక మంచి కనిపిస్తుంది. గొప్ప కథే. కానీ పుణ్ణుడి అమ్మని ఎవరూ అడగలేదు.

ఇంతకీ అసలు కథకి వద్దాం. మోర్మన్లకి దాడులు మొదటినుంచీ ఉన్నాయి. 1838లో మిస్సోరి గవర్నరు వాళ్ళని రాష్ట్రంనుంచి తరిమెయ్యాలనీ, అవసరమైతే నిర్మూలించాలనీ ఉత్తర్వు ఇచ్చాడు. ఆ ఉత్తర్వు 1976 దాకా రద్దు కాలేదు! 1844 జూన్ 27న జోసెఫ్ స్మిత్‌ని ఇల్లినాయ్ రాష్ట్రంలోని కార్తేజ్ జైల్లో మూక కాల్చి చంపింది. తరవాత వాళ్ళు యూటా చేరారు. బహుభార్యాత్వం పాటించేవారు కాబట్టి (1890లో దాన్ని విడిచిపెడుతున్నట్టు ప్రకటించారు) దక్షిణాది రాష్ట్రాలకి వెళ్ళిన ప్రచారకులంటే అక్కడివాళ్ళకి మండిపోయేది. మా ఆడవాళ్ళని ఎత్తుకుపోవడానికి వచ్చారనేవాళ్ళు. పైగా ఆ రోజుల్లో వీళ్ళు చిల్లిగవ్వ లేకుండా తిరిగేవారు. ఏ పూట తిండైనా, ఏ రాత్రి పడకైనా ఎవరో ఒకరు పెట్టాల్సిందే.

1879లో జార్జియాలో జోసెఫ్ స్టాండింగ్, రడ్గర్ క్లాసన్ అనే ఇద్దరు తిరుగుతున్నారు. స్టాండింగ్‌కి 24, క్లాసన్‌కి 22. రక్షణ కావాలని స్టాండింగ్ ముందే గవర్నరుకి ఉత్తరం రాశాడు. చట్టం అందరికీ ఒకటేనన్న జవాబొచ్చింది. జులై 21న వార్నెల్ అనే ఊరి దగ్గర డజనుమంది ఇద్దర్నీ అడవిలోకి తీసుకెళ్ళారు. స్టాండింగ్ ఒక్కసారిగా లేచి వాళ్ళ వైపు తిరిగి లొంగిపొమ్మని అరిచాడు. చేతిలో పిస్తోలుందని కొందరూ, ఉత్త చెయ్యేనని కొందరూ అన్నారు. మరుక్షణమే కాల్చేశారు. తరవాత తుపాకులు క్లాసన్ వైపు తిరిగాయి. అతను చేతులు కట్టుకుని, కాల్చండి అన్నాడు. వాళ్ళు తుపాకులు దించేశారు. శవాన్ని సాల్ట్ లేక్ సిటీకి అతనే తీసుకెళ్ళాడు. కోర్టులో ఎదురుగా నిలబడి సాక్ష్యం చెప్పినా, విచారణ జరిగిన ముగ్గురూ నిర్దోషులుగా బయటికొచ్చారు.

ఎదిరిస్తే చస్తారు, చేతులు కట్టుకుంటే బతుకుతారు అని దీన్నిబట్టి తేల్చేస్తే పొరపాటు. అయిదేళ్ళ తరవాత టెనెసీలో జరిగింది చూడండి.

1884 ఆగస్టు 10, ఆదివారం. కేన్ క్రీక్ అనే చోట కాండర్ అనే రైతు ఇంట్లో ప్రార్థనకి జనం చేరుతున్నారు. ముసుగులు వేసుకున్న మూక వచ్చిపడింది. ఎదిరించని గిబ్స్ అనే ప్రచారకుణ్ణి కాల్చేశారు. బెర్రీ అనే ఇంకొకాయన, తోటివాడి మీదికి గురిపెట్టిన తుపాకీ గొట్టాన్ని చేత్తో పట్టుకున్నాడు. ఆ తోటివాడు పెరటి తలుపులోంచి అడవిలోకి పారిపోయి బతికాడు. బెర్రీ చనిపోయాడు. ఆ ఇంటి కొడుకు ఒకడు అక్కడే పోయాడు. అతని సవతి అన్న అటకమీంచి తుపాకీతో దిగి మూక నాయకుణ్ణి కాల్చాడు, వెంటనే తనూ పోయాడు. నాయకుడి శవం కోసం తిరిగొచ్చిన మూక కిటికీల్లోంచి కాల్పులు జరిపితే తల్లికి తుంటిలో గుండు తగిలి, బతికినన్నాళ్ళూ అవిటిదైపోయింది. మొత్తం అయిదుగురు పోయారు. ఒక్కరికీ శిక్ష పడలేదు. ప్రచారకుల శవాల కోసం బి. హెచ్. రాబర్ట్స్ అనే 27 ఏళ్ళ అధికారి దేశదిమ్మరి వేషం వేసుకుని వెళ్ళి తవ్వించి తెచ్చాడు. ఆ వేషంలో అతని ఫోటో ఇప్పటికీ ఉంది.

ఈ హత్యల వెనక ఒక పుకారు కూడా ఉంది. ఆ ఏడు మార్చిలో సాల్ట్ లేక్ ట్రిబ్యూన్ పత్రిక ఒక మోర్మన్ పెద్ద చేశాడంటూ రెచ్చగొట్టే ప్రసంగం అచ్చేసింది. అది కల్పితమని తరవాత తేలింది. కానీ ఈలోగా టెనెసీలో ఒక పాస్టరు దాన్ని ఊరూరా వినిపించాడు. వాట్సాప్ లేని రోజుల్లోనూ పుకారు మనిషికన్నా ముందే ఊరు చేరేది.

మోర్మన్ల సంగతి వదిలేసినా, నాకు ఆ తల్లి మరుపుకి రాదు. ఆశ్రయమిచ్చిన పాపానికి ఇద్దరు కొడుకులు పోయారు. ప్రచారకుడి భద్రత అంటే ప్రచారకుడొక్కడిదే కాదు. 2018 నవంబరులో 26 ఏళ్ళ జాన్ అలెన్ చౌ అనే అమెరికన్ (ఇతను మోర్మన్ కాదు) అండమాన్‌లోని ఉత్తర సెంటినెల్ దీవికి ఒంటరిగా వెళ్ళి ప్రాణం పోగొట్టుకున్నాడు. చట్టం వద్దన్న చోటికి పడవలో తీసుకెళ్ళినందుకు జాలర్లు అరెస్టయ్యారు. బయటి రోగాలకి తట్టుకునే శక్తి లేని ఆ దీవివాసుల ప్రాణాలకి ఎంత ముప్పో చెప్పనక్కర్లేదు. ఆత్మరక్షణ గురించి మాట్లాడేటప్పుడు ఎదుటివాడి రక్షణ కూడా లెక్కలోకి రావాలి కదా!

ఇరవయ్యో శతాబ్దంలో మూకలు తగ్గాయి, అపాయం రూపు మార్చుకుంది. 1974 అక్టోబరులో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో ఇద్దరు కుర్రాళ్ళు తమకి తెలిసినవాడే భోజనానికి పిలిస్తే వెళ్ళి తిరిగి రాలేదు. 1989 మే 24న బొలీవియాలోని లా పాజ్‌లో ఇద్దరు ఇరవయ్యేళ్ళవాళ్ళని అద్దె ఇంటి ముందు కాల్చేశారు. వాళ్ళ మతమేమిటన్నది కాదు, వాళ్ళు అమెరికన్లు, అదే నేరం. 1990లో పెరూలోని హువాంకాయోలో ఇద్దరు ప్రచారకుల్ని చంపారు. వాళ్ళు పెరూవాళ్ళే. 1998 మార్చిలో రష్యాలోని సరాతోవ్‌లో ఇద్దర్ని ఇంటికి రమ్మని నమ్మించి బంధించి, మూడు లక్షల డాలర్లు అడిగారు. కొన్ని రోజులకి ప్రాణాలతో వదిలేశారు. 2016 మార్చి 22న బ్రస్సెల్స్ విమానాశ్రయంలో బాంబు పేలితే అక్కడున్న ప్రచారకులు గాయపడ్డారు. బాంబు ముందు ఏ కరాటే పనిచేస్తుంది?

మరి వాళ్ళు నేర్చుకున్నదేమిటి? తుపాకీ ముట్టుకోకూడదు. జంటలో ఒకరు ఇంకొకరికి ఎప్పుడూ కనిపిస్తూ, వినిపిస్తూ ఉండాలి. రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నరకల్లా బసకి చేరాలి. సైకిలెక్కితే హెల్మెట్ ఉండాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, ఈ పిల్లల ప్రాణాలు హంతకులకన్నా రోడ్డు ప్రమాదాలే ఎక్కువ తీస్తాయి. 2019 ఫిబ్రవరి నుంచి వారానికోసారి ఇంటికి ఫోను చేసుకోనిస్తున్నారు. పక్కింటావిడ కొడుక్కి ఆ అదృష్టం దక్కలేదు.

నాకు అన్నిటికన్నా కష్టమనిపించే పాఠం మర్యాదకి సంబంధించినది. పెద్దలు పిలిస్తే కాదనకూడదు, పెట్టిన అన్నం వదిలి లేవకూడదు అని మనమూ పిల్లలకి నేర్పుతాం. ఆస్టిన్, సరాతోవ్ రెండూ పిలుపుతోనే మొదలయ్యాయి. మనసు కీడు శంకించినప్పుడు మర్యాద పక్కన పెట్టి లేచి వచ్చెయ్యడం ఇరవయ్యేళ్ళ పిల్లకి నేర్పడం కరాటే నేర్పడం కన్నా కష్టం.

ఈ సంఘం మన తెలుగునాట అడుగుపెట్టిన తీరు దీనికి పూర్తిగా భిన్నం. సమోవాలో ఉంటూ ఆ మతంలో చేరిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు దంపతులు 1978లో హైదరాబాదు వచ్చి, తమ బంధువర్గంలోనే 22 మందికి బాప్తిస్మం ఇప్పించారు. ఎల్సీగారి తండ్రి వాళ్ళ గ్రంథాన్ని తెలుగు చేశారు. ఆ భాగాలు 1982లో అచ్చయ్యాయి. అపరిచితుల గుమ్మాలూ లేవు, చీకటి దారులూ లేవు. చుట్టరికానికి మించిన కాపలా ఏముంటుంది?

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మనం కూడా మన పిల్లల్ని ఇలాగే పంపుతున్నాం, మతం కోసం కాదు గాని చదువుకి. ఇరవై రెండేళ్ళవాడు రెండు సూట్‌కేసులతో దిగుతాడు. ఫీజు కోసం అర్ధరాత్రి గ్యాస్ స్టేషన్ కౌంటర్ వెనక ఒంటరిగా నిలబడతాడు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతాలో ఒక తెలుగు ఇంజనీరుని జాతి ద్వేషంతో కాల్చి చంపినప్పుడు, మన వాట్సాప్ గుంపుల్లో తుపాకీ కొనాలా వద్దా అన్న చర్చే నడిచింది. ఆ రాత్రి హంతకుణ్ణి ఆపబోయి గుండు దెబ్బ తిన్నవాడు అక్కడే ఉన్న ఒక అమెరికన్. చేతిలో ఆయుధం లేదు.

మోర్మన్ల దేవుడితో నాకు పని లేదు. కానీ నూట యాభై ఏళ్ళుగా చావులు లెక్కపెట్టుకుంటూ వాళ్ళు నేర్చుకున్నవాటిలో మనం తీసుకోదగ్గవి ఉన్నాయి. కొత్తగా వచ్చిన పిల్లాడు రాత్రి షిఫ్టుకి ఒంటరిగా వెళ్ళకుండా చూడటం, ఎక్కడున్నాడో ఒక్కరికైనా తెలిసేలా చూడటం, దొంగ డబ్బడిగితే గల్లాపెట్టె ఇచ్చెయ్యమని ముందే చెప్పడం, నచ్చని చోటునుంచి లేచి వచ్చినా తప్పులేదని నమ్మించడం. మన ఊరి సంఘాలు పండక్కి హాలు అద్దెకి తీసుకున్నంత శ్రద్ధగా, కొత్తగా దిగిన ప్రతి ఇద్దరు విద్యార్థులకీ ఒక కుటుంబాన్ని అప్పగించొచ్చు. ఆ కుటుంబం వారానికోసారి ఫోను చేసి "తిన్నావా, ఎన్నింటికి ఇల్లు చేరావు?" అని అడిగితే చాలు.