బ్రాడ్ స్ట్రీట్ బావి

లండన్ సోహో పేటలోని బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు కింద సుమారు 28 అడుగుల లోతున్న ఇటుకల బావి ఉండేది. నీళ్లు తేటగా, రుచిగా ఉంటాయని దూరపు వీధులవాళ్లు కూడా అక్కడికే వచ్చేవారు. ఆ పేటలో చాలా ఇళ్ల అడుగున మలగుంటలు ఉండేవి.

1854 ఆగస్టు 31 రాత్రి అక్కడ కలరా విరుచుకుపడింది. మూడు రోజుల్లోనే 127 మంది, మొత్తం మీద 600 మందికి పైగా చనిపోయారు. వైద్యుడు జాన్ స్నో ఇంటింటికీ తిరిగి, పోయినవారు ఏ నీళ్లు తాగారో ఆరా తీశాడు. సమీపంలోని పేదల ఆశ్రమంలో 535 మంది ఉన్నా చనిపోయింది ఐదుగురే. దానికి సొంత బావి ఉంది. బీరు కార్ఖానా పనివాళ్లలో ఒక్కరూ పోలేదు. వాళ్లు ఆ పంపు నీళ్లు ముట్టేవారు కాదు. రోగానికి ఆ పంపు నీళ్లే మూలమన్న స్నో వాదనతో సెప్టెంబరు 8న పంపు పిడి ఊడదీశారు. అప్పటికే రోగం తగ్గుముఖం పట్టింది.

స్నో మాట తప్పని నిరూపించాలని బయలుదేరిన మతగురువు హెన్రీ వైట్‌హెడ్, చివరికి దానికే ఆధారం తెచ్చాడు. పంపు ఎదుటి 40వ నంబరు ఇంట్లో ఓ పసిపాప విరేచనాలతో చనిపోయింది. ఆ గుడ్డలు ఉతికిన నీళ్లు ఇంటి మలగుంటలో పోశారు. 1855లో తవ్వి చూస్తే గుంటకూ బావికీ మధ్య దూరం మూడడుగులైనా లేదు. గుంట ఇటుకలు వదులై, మురుగు మట్టిలోంచి బావిలోకి ఊరుతోంది. వడగట్టేంత మట్టి మధ్యలో లేకపోతే తేటనీరు సైతం ప్రాణాంతకమే.

కలరా కారకం బాక్టీరియా అని రాబర్ట్ కోచ్ 1884లో కలకత్తాలో నిర్ధారించాడు. అప్పటికి స్నో కన్నుమూసి పాతికేళ్లు దాటింది.