సముద్రాలు దాటిన ఆదివాసీ చదువు

ఏటా జనవరి 11న మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ దంపతుల సమాధుల దగ్గర చేరతాం. పూలు పెడతాం, పెద్దలు నాలుగు మాటలు చెబుతారు, ఇళ్లకు వచ్చేస్తాం. ఆ పెద్దాయన అసలు మన గూడేల దాకా ఎలా వచ్చాడన్న సంగతి మాత్రం మన యువత పెద్దగా అడగదు. ఈ సంచికలో దాన్నుంచే మొదలుపెడదాం.

క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ది ఆస్ట్రియా. 1930లలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఇచ్చిన ఫెలోషిప్‌తో లండన్ చేరి మానవశాస్త్రం చదివాడు. 1936లో నాగా కొండలకు వచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ వాళ్లు శత్రుదేశస్థుడిగా లెక్కగట్టి, హైదరాబాద్ సంస్థానంలోనే ఉండమన్నారు. అలా చెంచుల దగ్గరికి, కొండరెడ్ల దగ్గరికి వెళ్లాడు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక నిజాం సర్కారుకు గోండుల కష్టం తెలుసుకోవాల్సిన అవసరం పడింది. ఆ పని ఈయనకు అప్పగించింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం పెట్టించాడు, గోండిలో వాచకాలు తయారయ్యాయి. మన తాతల తరంలో మొదట బడి పంతుళ్లయినవాళ్లు అక్కడి నుంచి వచ్చినవాళ్లే.

అంటే ఎక్కడో దూరదేశంలో ఒక కుర్రాడికి దొరికిన ఫెలోషిప్ ఫలితం మన వాకిట్లోకి వచ్చింది. మనల్ని చదవడానికి వాళ్లు వచ్చారు, సరే. మనవాళ్లెవరు అటు వెళ్లారు?

మొదట చెప్పుకోవాల్సింది జైపాల్ సింగ్ ముండా. రాంచీ దగ్గరి టక్రా అనే ఊళ్లో పుట్టినవాడు. ఆయన ఏ దరఖాస్తూ పెట్టలేదు. చదువులో చురుకుదనం చూసి, రాంచీ మిషన్ బడి ప్రిన్సిపాల్ 1918లో ఇంగ్లండు తీసుకువెళ్లాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు, హాకీ ఆడాడు, 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు భారత జట్టు కెప్టెనయ్యాడు. ఐసీఎస్ కొలువు చేతికందీ వదులుకున్నాడు. తర్వాత ఆఫ్రికాలో, ఇప్పటి ఘనాలోని అచిమోటా కాలేజీలో పాఠాలు చెప్పాడు. ఒక ముండా బిడ్డ విదేశానికి చదువుకోవడానికే కాదు, చదువు చెప్పడానికి కూడా వెళ్లాడన్నమాట. 1946 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో లేచి నిలబడి ఆదివాసీల తరఫున మాట్లాడింది ఆయనే.

అయితే ఆ చదువు ఒక పాదిరి మంచి మనసు మీద ఆధారపడింది. ఆయన కన్ను ఇంకో పిల్లాడి మీద పడి ఉంటే కథ వేరు. అంబేద్కర్ సంగతీ కొంత అలాంటిదే. 1913లో బరోడా మహారాజు ఇచ్చిన వేతనంతో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. నెలకు 11.50 పౌండ్లు, మూడేళ్లు. తిరిగొచ్చాక పదేళ్లు బరోడాలో పనిచేయాలన్నది షరతు. 1917లో మాట ప్రకారం వెళితే, అంత చదివినాయనకు ఆ ఊళ్లో అద్దెకు గది దొరకలేదు. డబ్బు ఇచ్చిన రాజు మంచివాడే కావచ్చు, ఊరు మారలేదు.

రాజుగారి దయ, పాదిరి దయ కాకుండా ప్రభుత్వ పథకంగా ఇది వచ్చింది 1954-55లో, నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పేరుతో. ఎస్టీల విభాగాన్ని ఇప్పుడు గిరిజన వ్యవహారాల శాఖ చూస్తోంది. ఏడాదికి 20 మందికి ఇస్తారు. అందులో 3 ఆదిమ తెగల వారికి. మన దగ్గర కోలాం, తోటి, చెంచు, కొండరెడ్డి తమ్ముళ్లు చెల్లెళ్లు ఈ మూడింటికి అర్హులే. దేశంలో ఆదివాసీలం 2011 లెక్కల ప్రకారమే పది కోట్ల పైచిలుకు. ఇరవై ఎంత తక్కువో వేరే చెప్పనక్కర్లేదు. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల దాకా సాయం ఉంది కాబట్టి ఒక్క తలుపే తట్టి ఊరుకోవద్దు.

వెళ్లి తిరిగొచ్చినవాళ్లలో మాకు బాగా ఇష్టమైన మనిషి రాందయాళ్ ముండా. చికాగోలో పీహెచ్‌డీ చేశాడు, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. అక్కడే స్థిరపడొచ్చు. 1980లలో రాంచీ వచ్చేసి ఆదివాసీ, ప్రాంతీయ భాషల శాఖను నిలబెట్టాడు, తర్వాత ఆ విశ్వవిద్యాలయానికే వైస్ చాన్సలర్ అయ్యాడు. పదవిలో ఉండి కూడా డోలు పట్టుకుని అఖాడాలో ఆడినవాడు. మన దండారిలో గుస్సాడీ టోపీ పెట్టుకోవడానికి సిగ్గుపడే ఇంజనీర్లకు ఆయన ఫొటో ఒకటి చూపించాలి.

ఇక దరఖాస్తు. మార్కులు, ఇంగ్లిషు పరీక్ష, విశ్వవిద్యాలయం ఇచ్చే ప్రవేశపత్రం, పంతుళ్ల సిఫార్సు లేఖలు, ఏం చదువుతావో ఎందుకు చదువుతావో రాసే కాగితం, ఇవన్నీ ఎవరికైనా ఉండేవే. మనవాళ్లు పడిపోయేది వేరేచోట. మా సంఘం దగ్గరికి వచ్చిన ఒక చెల్లెలికి విదేశీ విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒకలా, కుల ధ్రువపత్రంలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంది. సరిచేయించడానికి ఆఫీసుల చుట్టూ తిరిగేలోగా గడువు దాటిపోయింది. ఏడాది పోయింది. నవ్వొస్తుందో ఏడుపొస్తుందో గానీ, భీం ఇంటిపేరునే కొమురం, కుమ్రం, కుమురం అని మూడు రకాలుగా రాస్తున్నాం. ఇంటర్‌లో ఉన్నప్పుడే ఈ కాగితాలు పక్కపక్కన పెట్టి చూసుకోండి. పాస్‌పోర్టు డిగ్రీ అయ్యేలోపే తీసుకోండి.

ఏం చదవాలన్నది ఇంకో మాట. 2022లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ, ఎస్సీలకూ సంచార జాతులకూ తానిచ్చే విదేశీ స్కాలర్‌షిప్‌లో భారత చరిత్ర, సంస్కృతి, సమాజంపై పరిశోధనకు చోటు లేదంది. వాటికి కావాల్సినవన్నీ దేశంలోనే ఉన్నాయట. అది మన పథకం నియమం కాదు. కానీ ఆ వాదన ఎంత తప్పో మనకు తెలుసు. హైమన్‌డార్ఫ్ రాసుకున్న కాగితాలు, తీసిన ఫొటోలు, ఫిల్ములు లండన్‌లోని సోయాస్‌లో ఉన్నాయి. కొన్ని ఫొటోలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. వాటిలోని మన తాతమ్మల మొహాలు, వాళ్లు ఆడుతున్న ఆట, కట్టిన పందిరి చూసి ఇది ఏ గూడెమో చెప్పగలిగే పిల్ల అక్కడికి వెళ్లి కూర్చోవాలి.

ఆ చెల్లెలు ఈ ఏడాది మళ్లీ దరఖాస్తు పెట్టింది. ఈసారి మూడు పత్రాల్లోనూ ఇంటిపేరు ఒకేలా ఉంది.