ఆరబెట్టే వేడి: మిరప కళ్లం, పొగాకు బ్యారన్, బట్టల డ్రయర్

5.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• ఆరబెట్టే పనికి అవసరమైన మూడు అంశాలను వివరించగలుగుతారు.
• గుంటూరు, ప్రకాశం మైదానాల్లో ఎండ నుంచి పొయ్యికి జరిగిన మార్పును గుర్తించగలుగుతారు.
• వేడెక్కని బ్యారన్‌లోనూ, వేడెక్కని బట్టల డ్రయర్‌లోనూ లోపాన్ని వెతికే క్రమాన్ని పోల్చగలుగుతారు.
• మరమ్మతు పరిజ్ఞానాన్ని చరిత్రకు ఆధారంగా ఎలా వాడుకోవచ్చో చెప్పగలుగుతారు.

5.1 పరిచయం

డ్రయర్ అనగానే మనలో చాలామందికి గుర్తుకు వచ్చేది సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషీన్‌లోని రెండో తొట్టి. అది బట్టలను వేగంగా తిప్పి నీటిని విదిలిస్తుంది తప్ప వేడి చేయదు. ఆ తరవాత బట్టలు దండెం ఎక్కవలసిందే. వేడి గాలితో బట్టలను పూర్తిగా ఆరబెట్టే యంత్రం వేరు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల ఇళ్లలో అది మామూలు వస్తువు. మన నగరాల అపార్టుమెంట్లలోకి ఇప్పుడిప్పుడే వస్తోంది. దాని గురించి తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటి ఉంది: "డ్రమ్ము తిరుగుతోంది, కాని వేడెక్కడం లేదు."

ఈ సమస్య మన ప్రాంతానికి కొత్తది కాదు. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల పొగాకు రైతులు బట్టల డ్రయర్‌ను చూడకముందే ఇలాంటి సమస్యను ఎదుర్కొన్నారు. వారి డ్రయర్ పేరు బ్యారన్.

ఆరడం అంటే వస్తువులోని నీరు ఆవిరై గాలిలో కలవడం. ఇందుకు మూడు అంశాలు కావాలి. ఒకటి, నీటిని ఆవిరి చేసే వేడి. రెండు, ఆ ఆవిరిని మోసుకుపోయే గాలి కదలిక. మూడు, తడి గాలి బయటికి పోయే దారి. వేడి గాలి చల్లని గాలి కంటే ఎక్కువ ఆవిరిని ఇముడ్చుకుంటుంది. కాని దానికీ ఒక హద్దు ఉంది. ఆ హద్దు చేరిన గాలిని బయటికి పంపకపోతే ఆరడం ఆగిపోతుంది.

ఈ భాగంలో మనం పరిశీలించే ప్రతిపాదన ఇది: ఆరబెట్టే సాధనం విఫలమైనప్పుడు మనకు ముందుగా తెలిసేది వేడి లేకపోవడం. కాని దాని అసలు కారణం చాలాసార్లు గాలి నడిచే దారిలో ఉంటుంది.

ఒక సూచన. పాత పత్రాలు చదివేటప్పుడు జిల్లాల పేర్ల విషయంలో జాగ్రత్త వహించండి. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడినప్పుడు ఒంగోలు అందులోనే ఉండేది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. 2022 పునర్విభజనలో చీరాల బాపట్ల జిల్లాలోకి, కందుకూరు నెల్లూరు జిల్లాలోకి వెళ్లాయి.

5.2 కళ్లం: పొయ్యి లేని డ్రయర్

మిరప మన పంట అనుకుంటాం గాని, దాని పుట్టుక అమెరికా ఖండాలలో. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వారి ద్వారా అది భారతదేశానికి చేరింది. కోసిన పండు మిరపకాయలో బరువులో ఎక్కువ భాగం నీరే. 100 కిలోల పండుకాయ ఎండితే మిగిలేది దాదాపు 25 నుంచి 35 కిలోలు. నిల్వకు పనికి రావాలంటే తేమ 10, 11 శాతానికి దిగాలి. అంత నీటినీ తీసుకుపోయే పని ఎండకూ గాలికీ అప్పగించిన చోటే కళ్లం.

కళ్లంలో పని చూసినవారికి దాని క్రమం తెలుసు. కోసిన కాయను ముందు కుప్పగా ఉంచుతారు. సగం పండిన కాయ కూడా ఎర్రబడి రంగు సమంగా వస్తుంది. తరవాత పలచగా పరుస్తారు. అడుగు కాయ పైకి వచ్చేలా తిరగతిప్పుతారు. సాయంత్రం కుప్ప చేసి, మంచు పడకుండా పట్ట కప్పుతారు. పొద్దెక్కగానే పట్ట తీసి మళ్లీ పరుస్తారు. ఒకప్పుడు పేడతో అలికిన నేల, ఆ తరవాత టార్పాలిన్ పట్టలు, సిమెంటు కళ్లాలు వచ్చాయి. క్రమం మాత్రం పెద్దగా మారలేదు.

ఇక్కడ వేడిని మరమ్మతు చేయడం ఎవరి చేతిలోనూ లేదు. మబ్బు పడితే ఎండను వెలిగించలేం. రైతు చేతిలో ఉన్నది గాలి దారి మాత్రమే. పలచగా పరచడం, తిరగేయడం, వాన వెలిసిన వెంటనే పట్ట తీయడం, ఇవన్నీ ఆ దారిని తెరిచి ఉంచే పనులే. వాన నుంచి కాపాడే పట్టను తీయకుండా వదిలేస్తే లోపలి తేమ అక్కడే నిలిచి కాయకు బూజు పడుతుంది. ఇలాంటి బూజుల్లో కొన్ని అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తాయి. 1960లో ఇంగ్లండులో టర్కీ కోళ్లు పెద్ద సంఖ్యలో చనిపోయినప్పుడు వాటి మేతలోని వేరుశనగ పిండిని పరిశీలించడంతో ఈ విషం సంగతి శాస్త్రజ్ఞులకు తెలిసింది. తేమ మిగిలిన కాయ మార్కెట్టుకు వెళితే ధర పడిపోతుంది. ఏడాది కష్టం విలువ ఆ కొద్దిరోజుల కళ్లం పనిలో తేలిపోతుంది.

5.3 బ్యారన్: పొయ్యి ఉన్న గది

1912లో ఇండియన్ లీఫ్ టుబాకో డెవలప్‌మెంట్ కంపెనీ ఏర్పడింది. గుంటూరు ప్రాంతం, ముఖ్యంగా చీరాల, దాని కార్యకలాపాలకు కేంద్రమయింది. సిగరెట్లకు కావలసిన వర్జీనియా పొగాకు 1920ల నుంచి ఈ నల్లరేగడి నేలల్లో విస్తరించింది. నాటు పొగాకును ఎండలో ఆరబెట్టేవారు. వర్జీనియా ఆకు పసుపు రంగులో మెరవాలంటే వేడిని అదుపులో ఉంచాలి. అందుకోసం వచ్చినదే బ్యారన్.

ఈ పద్ధతి పుట్టుక గురించిన కథనం మన అంశానికి చాలా దగ్గరిది. అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం, కాస్వెల్ కౌంటీలో అబిషా స్లేడ్ అనే భూస్వామి దగ్గర స్టీఫెన్ అనే నల్లజాతి బానిస ఉండేవాడు. 1839లో ఒక వానరాత్రి పొగాకు కొట్టంలో మంట చూస్తూ అతను నిద్రపోయాడు. లేచేసరికి మంట ఆరిపోవచ్చింది. తడి కట్టెలు అంటుకోలేదు. కమ్మరి కొలిమి కోసం కాల్చి ఉంచిన బొగ్గు తెచ్చి వేశాడు. ఒక్కసారిగా లేచిన పొడి వేడికి ఆకు ప్రకాశవంతమైన పసుపు రంగుకు తిరిగింది. అంటే, ఒక పెద్ద పరిశ్రమకు మూలమైన పద్ధతి చల్లబడిన కొట్టానికి అప్పటికప్పుడు చేసిన మరమ్మతు. ఆ పద్ధతి వల్ల వచ్చిన లాభం మాత్రం బానిసది కాలేదు. తరవాతి దశాబ్దాల్లో నిప్పును గది బయటి పొయ్యిలో ఉంచి, రేకు గొట్టాల ద్వారా వేడిని లోపలికి పంపడం స్థిరపడింది. పొగ ఆకును తాకకుండా గొట్టం గుండా బయటికి పోతుంది.

మన బ్యారన్ ఆ నమూనాదే. నాలుగు గోడల ఎత్తయిన గది. లోపల వరసలు వరసలుగా కర్రలకు కట్టిన ఆకు. నేల దగ్గర చల్లగాలి లోపలికి రావడానికి కంతలు, పైన తడి గాలి పోవడానికి కిటికీలు. ఆకు ఆరడానికి ఐదారు రోజులు పడుతుంది. మొదట 32 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య, తేమను నిలిపి ఆకును పసుపు పట్టిస్తారు. తరవాత క్రమంగా వేడి పెంచి, కిటికీలు తెరిచి రెక్కను ఆరబెడతారు. చివరికి 70 డిగ్రీల దగ్గర ఈనె ఆరుతుంది.

5.4 వేడెక్కని బ్యారన్

ఒక రాత్రి థర్మామీటరు పైకి కదలడం లేదనుకుందాం. అనుభవం లేనివాడు వెంటనే మరిన్ని కట్టెలు వేస్తాడు. బ్యారన్ మండించడంలో ఆరితేరిన మనిషి ముందు కొన్ని విషయాలు చూస్తాడు.

మొదటిది, కట్టె. పచ్చి కట్టెలోని నీటిని ఆవిరి చేయడానికే మంటలో కొంత ఖర్చవుతుంది. రెండోది, పొయ్యి అడుగు. బూడిద నిండితే మంటకు కింది నుంచి గాలి అందదు. మూడోది, గొట్టాలు. లోపల మసి పేరుకుంటే పొగ లాగదు, పొగ లాగకపోతే మంట మండదు. నాలుగోది, గొట్టాల అతుకులు. అవి వదులైతే పొగ గదిలోకి చేరి ఆకును పాడుచేస్తుంది. ఐదోది, కంతలు, కిటికీలు, తలుపు. అవసరానికి మించి తెరిచి ఉంటే వేడి బయటికి పోతుంది. అవసరమైనప్పుడు మూసి ఉంటే తడి గాలి లోపలే నిలిచి ఆకు గోధుమ రంగుకు తిరుగుతుంది.

ఈ ఐదింటిలో నాలుగు గాలికి సంబంధించినవేనని మీరు గమనించే ఉంటారు. కట్టెలు వేసే ముందు గాలి దారి చూడడమే ఈ పనిలోని నేర్పు.

తొందరపడి ఎక్కువ మంట పెడితే నష్టం రెండు విధాలు. పసుపు పట్టకముందే ఎండిన ఆకు పచ్చగానే మిగిలి, దాని ధర పడిపోతుంది. అంతకంటే పెద్దది అగ్ని ప్రమాదం. కర్ర నుంచి జారిన ఎండుటాకు కాలిన గొట్టం మీద పడితే నిమిషాల్లో గది మొత్తం అంటుకుంటుంది. అందుకే గొట్టాల పైన ఇనుప వల కడతారు. "పొగాకు బ్యారన్ దగ్ధం" అనే వార్త ప్రకాశం జిల్లా పత్రికా పాఠకులకు ఏటా పరిచయమే.

5.5 బట్టల డ్రయర్: అదే గది, చిన్న రూపంలో

బట్టలను నిప్పు దగ్గర ఆరబెట్టే యంత్రాలకు రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. 1800 ప్రాంతంలో ఫ్రాన్సులో పోషాన్ అనే వ్యక్తి చేసినది నిప్పు మీద చేత్తో తిప్పే, కంతలున్న పీపా. 1892 జూన్ 7న అమెరికాలో జార్జ్ టి. శాంప్సన్ అనే నల్లజాతి ఆవిష్కర్త పొయ్యి వేడిని వాడుకునే బట్టల ఆరబెట్టే చట్రానికి పేటెంటు పొందాడు. విద్యుత్తు, గ్యాసుతో నడిచే యంత్రాలు 1930ల చివర మార్కెట్టులోకి వచ్చాయి.

నేటి యంత్రాల్లో చాలా రకాలు ఉన్నా, వేడి గాలిని గొట్టం ద్వారా ఇంటి బయటికి వదిలే రకాన్ని తీసుకుందాం. బ్యారన్ భాగాలన్నీ అందులో ఉన్నాయి. పొయ్యి స్థానంలో హీటర్ తీగ లేదా గ్యాసు మంట. కర్రల స్థానంలో తిరిగే డ్రమ్ము. పై కిటికీ స్థానంలో తడి గాలిని బయటికి నెట్టే ఫ్యాను, గొట్టం. థర్మామీటరు చూసే మనిషి స్థానంలో థర్మోస్టాటు. వేడి హద్దు మీరితే తెగిపోయే థర్మల్ ఫ్యూజు అదనం.

డ్రమ్ము తిరుగుతూ వేడి రాకపోతే ఈ క్రమంలో చూడాలి. ముందుగా, వేడి లేని గాలి సెట్టింగు పెట్టారేమో గమనించాలి. తరవాత కరెంటు సంగతి. అమెరికా ఇళ్లలో విద్యుత్ డ్రయర్‌కు 240 వోల్టులు కావాలి. ఆ సరఫరా రెండు తీగల్లో వస్తుంది. ఒక తీగ వైపు బ్రేకరు పడిపోతే మిగిలిన 120 వోల్టులతో డ్రమ్ము తిరుగుతుంది, హీటర్ మాత్రం పనిచేయదు. మూడోదశలో జల్లెడ, గొట్టం, గోడ బయటి మూత చూడాలి. బట్టల నుంచి రాలిన నూలు పీచు అక్కడే పేరుకుంటుంది. నాలుగోదశలో ప్లగ్గు తీసేసి, మల్టీమీటరుతో థర్మల్ ఫ్యూజును, థర్మోస్టాటును, హీటర్ తీగను పరీక్షించాలి. గ్యాసు యంత్రమైతే ఈ దశను శిక్షణ పొందిన మనిషికే వదలాలి.

ఫ్యూజు తెగిందని తేలితే కొత్తది వేయగానే వేడి వస్తుంది. చాలామంది మరమ్మతు అక్కడితో ముగిసిందనుకుంటారు. కాని ఫ్యూజు ఎందుకు తెగింది? గొట్టంలో పీచు అడ్డుపడి వేడి గాలి బయటికి పోలేదు, లోపల వేడి పెరిగింది, ఫ్యూజు తన పని తాను చేసింది. గొట్టం శుభ్రం చేయకపోతే కొత్త ఫ్యూజుకూ అదే గతి. ఫ్యూజును తప్పించి తీగలు నేరుగా కలిపితే గతి ఇంకా ఘోరం. హీటర్ పక్కన పేరుకున్న నూలు పీచు, బ్యారన్ గొట్టం మీద పడిన ఎండుటాకు ఒకటే. అమెరికాలో ఇళ్లలోని డ్రయర్ మంటలకు అన్నింటికంటే ముందు చెప్పే కారణం శుభ్రం చేయకపోవడమే. పత్తి పండించే మైదానాల వారికి ఆ పీచు ఎంత తేలిగ్గా అంటుకుంటుందో వేరే చెప్పనక్కరలేదు.

5.6 చరిత్ర విద్యార్థికి దీనితో పనేమిటి?

పొగాకు బోర్డు 1976లో గుంటూరు కేంద్రంగా ఏర్పడింది. బ్యారన్‌కు లైసెన్సు, బ్యారన్ లెక్కన పంట పరిమితి వచ్చాయి. కనుక బ్యారన్ల యజమానుల పేర్లు రికార్డుల్లో ఉంటాయి. వేలం కేంద్రాల్లో బేళ్ల బరువు, ధర ఉంటాయి. రాత్రంతా మేలుకుని కిటికీలు తీసి మూసిన మనిషి సంగతి అందులో ఉండదు. ఆకు కర్రలకు కట్టిన స్త్రీల సంగతీ, కళ్లంలో కాయ తిరగేసిన కూలీల సంగతీ అంతే. ధరను నిర్ణయించిన రంగు వారి చేతుల్లో వచ్చింది.

వారి పరిజ్ఞానం ఎక్కువ భాగం మాటల్లోనే ఉంది. లోపం వచ్చినప్పుడు ఏం చేసేవారని అడిగితే అది బయటికి వస్తుంది. అంతా సవ్యంగా సాగే రోజుల గురించి అడిగితే "మంట పెట్టేవాళ్లం" అన్న ఒక్క మాటతో ముగుస్తుంది. బ్యారన్ వేడెక్కని రాత్రి గురించి అడగండి. కట్టె, బూడిద, మసి, కిటికీ ఒక్కొక్కటిగా వరసలో వస్తాయి. సాధనం ఎలా పనిచేస్తుందో, ఎవరికి ఏమి తెలుసో మరమ్మతు సమయంలోనే స్పష్టంగా కనిపిస్తుంది.

5.7 సారాంశం

కళ్లంలో వేడి ప్రకృతిది, బ్యారన్‌లో కట్టెలది, డ్రయర్‌లో విద్యుత్తుది లేదా గ్యాసుది. ఇంధనం మారినా ఆరబెట్టే సూత్రం మారలేదు. వేడి, గాలి కదలిక, తడి గాలికి దారి అనే మూడూ కలిస్తేనే వస్తువు ఆరుతుంది. వేడి పోయినప్పుడు మంట పెంచడం కంటే ముందు దారి చూడాలన్న తెలివి యంత్రంతో పాటు రాలేదు. మన మైదానాల్లో అది ముందే ఉంది.

5.8 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. వాన వెలిసిన తరవాత కూడా మిరప కుప్ప మీద పట్ట ఉంచితే ఏమవుతుంది? మూడు అంశాల ఆధారంగా వివరించండి.
2. 1839 నాటి కథనంలో మరమ్మతుకూ ఆవిష్కరణకూ ఉన్న సంబంధాన్ని చర్చించండి.
3. థర్మల్ ఫ్యూజు మార్చినంత మాత్రాన మరమ్మతు పూర్తి కాదు. ఎందుకు?
4. కృత్యం: మీ ఊరిలో బ్యారన్‌లోగాని, మిరప కళ్లంలోగాని పనిచేసిన పెద్దవారిని కలవండి. పని చెడిపోయిన ఒక రోజు గురించి అడిగి, వారు చెప్పిన క్రమాన్ని వారి మాటల్లోనే రాసుకోండి.